మెషీన్ లేని ఇంట్లో ఐస్‌క్రీమ్: చిక్కంతా నీటితోనే

ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో మే నెల మధ్యాహ్నం. ఫ్రీజర్‌లోంచి తీసిన స్టీలు గ్లాసు చేతికి అంటుకుంటుంది. మూతిమీద రబ్బరు బ్యాండుతో బిగించిన కవరు లాగేసి చెంచా గుచ్చితే దిగదు. కాసేపాగి మళ్ళీ గుచ్చితే ఓ పెచ్చు ఊడి వస్తుంది. నోట్లో వేసుకుంటే ముందు కరకరలాడే ఐసు, తర్వాత చప్పటి నీళ్ళు, గ్లాసు అడుగుకు వెళ్ళాక ఎక్కడో తీపి. పిల్లలు మొహమాటానికి రెండు చెంచాలు తిని వీధి చివర కుల్ఫీ బండి గంట కోసం చెవులు రిక్కిస్తారు. "ఇంట్లో మెషీన్ లేదు కదమ్మా, ఇంతకంటే ఏమొస్తుంది" అని పెద్దవాళ్ళు సర్ది చెప్పుకుంటారు.

కానీ ఆ బండివాడి దగ్గరా మెషీన్ లేదు. అతని దగ్గరున్నది పెద్ద కుండ, ఐసు ముక్కలు, ఉప్పు, రేకు అచ్చులు. కరెంటు కూడా లేదు. అయినా అతని కుల్ఫీని పంటితో కొరికితే దిగుతుంది, నాలుక మీద మెల్లగా కరుగుతుంది. తేడా పరికరంలో లేదు. ఫ్రీజర్‌లోకి వెళ్ళక ముందు పొయ్యి మీద ఏం జరిగిందన్న దాంట్లో ఉంది.

పాలు గడ్డకట్టేటప్పుడు అంతా ఒక్కసారిగా గట్టిపడదు. ముందు నీరు ఒక్కటే విడిపోయి స్ఫటికాలుగా మారుతుంది. పంచదార, వెన్న, మాంసకృత్తులు పక్కకు తోసివేయబడి, మిగిలిన కాస్త నీటిలో చిక్కగా ఇరుక్కుంటాయి. గడ్డకట్టడం ఎంత నిదానంగా సాగితే స్ఫటికాలు అంత పెద్దవవుతాయి. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు దాటిన స్ఫటికాన్ని నాలుక పట్టేస్తుంది, అదే మనం 'ఐసు తగులుతోంది' అనేది. ఐస్‌క్రీమ్ మెషీన్ చేసే పని రెండే రెండు. చల్లటి గోడకు పలచగా పేరుకున్న పొరను ఎప్పటికప్పుడు గీకేసి స్ఫటికాలను పెరగనివ్వదు, గాలిని లోపలికి కొడుతుంది. ఈ రెండూ మనకు లేనప్పుడు చేతిలో ఉన్న దారి, అసలు గడ్డకట్టే నీటినే తగ్గించడం. కుల్ఫీ చేసేది అదే. దానికి గాలి అక్కర్లేదు, గిలకొట్టడం అక్కర్లేదు. మెషీన్ లేని ఇంటికి కుల్ఫీ రెండో రకం సరుకు కాదు, అసలు పద్ధతే అది.

లెక్క చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ప్యాకెట్ మీద ఫుల్ క్రీమ్ అని రాసి ఉన్న పాలలో కనీసం 6 శాతం వెన్న, 9 శాతం ఇతర ఘనపదార్థాలు ఉండాలి. అంటే లీటరులో ఇంచుమించు 850 గ్రాములు నీరే. ఆ పాలను అలాగే పంచదార కలిపి ఫ్రీజర్‌లో పెడితే వచ్చేది తీపి ఐసుగడ్డ. అవే పాలను సగానికి మరిగిస్తే నీరు 350 గ్రాములకు దిగుతుంది. వెన్న మాత్రం 60 గ్రాములూ అలాగే ఉంటుంది. 80 గ్రాముల పంచదార కలిపాక మొత్తం 580 గ్రాముల చిక్కటి పాలు మిగులుతాయి, అందులో వెన్న పది శాతం పైనే. మన దేశంలో 'ఐస్‌క్రీమ్' అని అమ్మాలంటే పాల వెన్న కనీసం 10 శాతం ఉండాలన్నది ఆహార భద్రతా ప్రమాణం. గ్యాస్ పొయ్యి మీద ముప్పావు గంట నిలబడితే ఆ గీత దాటేసినట్టే. మూడు శాతం వెన్న ఉండే టోన్డ్ పాలతో మొదలుపెడితే మాత్రం ఎంత మరిగించినా ఆ రుచి రాదు, మూడో వంతుకు దించినా కోవా వాసన వస్తుంది గానీ జిడ్డు రాదు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. అరకిలో నీటిని ఆవిరి చేయడానికి పట్టే వేడి, అదే అరకిలో నీటిని గడ్డకట్టించడానికి లాగాల్సిన వేడికి దాదాపు ఏడింతలు. అంటే ఇంటి కుల్ఫీలో బరువు మోసేది పొయ్యి, ఫ్రిజ్ కాదు. ఫ్రిజ్ సరిగా లేదని బాధపడేవాళ్ళు చాలాసార్లు తిట్టాల్సింది పొయ్యి మీంచి తొందరగా దించేసిన గిన్నెను.

గిన్నె లోతుగా కాక వెడల్పుగా ఉండాలి. బూరెల మూకుడు లాంటిదైతే మేలు. ఆవిరి పైభాగం నుంచే కదా పోయేది. మంట మధ్యస్థంగా పెట్టి, గరిటెతో అడుగు గీకుతూ, అంచులకు కట్టిన మీగడను పాలలోకి తోస్తూ ఉండాలి. ఆ మీగడ తెరలే తర్వాత నోటికి అందంగా తగులుతాయి. రబ్డీ తెలిసిన చేతికి ఇది కొత్త కాదు. ఒక్కసారి అడుగంటిందా, ఆ మాడు వాసనను ఏ యాలకులూ కప్పలేవు. చల్లగా తింటే వాసన తగ్గుతుందనుకోవడం భ్రమ, మాడు మాత్రం చల్లదనంలోనూ దాక్కోదు.

అంతసేపు నిలబడే ఓపిక లేక పాలపొడి కలిపేవాళ్ళు ఉంటారు. కొంచెం అయితే మంచిదే, లీటరుకు రెండు మూడు చెంచాలు. మరీ గుమ్మరిస్తే పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, విడిగా స్ఫటికం కట్టి ఇసుక తగిలినట్టు అవుతుంది. ఐసు కరిగిపోతుంది, ఈ ఇసుక మాత్రం నోట్లో ఉండిపోతుంది. దానికంటే పాలగుండ మేలు. కోరాపుట్, రాయగడ వైపు అడవి దుంపల నుంచి తీసే ఈ పిండిని ఒడియాలో పాలువా అంటారు. పిండి రేణువులు నీటిని పీల్చి పట్టుకుంటాయి, ఆ నీటికి తిరిగి పెద్ద స్ఫటికం కట్టడానికి తీరిక దొరకదు. చెంచాడు పాలగుండ చల్లటి పాలలో కలిపి, మరిగే పాలలో పోసి, రెండు మూడు నిమిషాలైనా ఉడికించాలి. లేకపోతే పచ్చి పిండి వాసన. పాలగుండ దొరకని చోట కార్న్ ఫ్లోర్ ఇదే పని చేస్తుంది. కస్టర్డ్ పౌడర్ అన్నా చాలావరకు రంగూ వాసనా కలిపిన కార్న్ ఫ్లోరే. నానబెట్టి మెత్తగా రుబ్బిన జీడిపప్పు ఇంకా మంచిది. జిడ్డునూ ఇస్తుంది, చిక్కదనాన్నీ ఇస్తుంది. పలాస పక్కనే ఉన్న పర్లాకిమిడికి జీడిపప్పు దొరకలేదనే సాకు ఎలాగూ లేదు.

పంచదార దగ్గర అందరూ ఆరోగ్యం గుర్తుచేసుకుంటారు. కానీ ఇక్కడ పంచదార తీపి కోసం ఒక్కటే కాదు. నీటిలో ఏది కరిగినా అది గడ్డకట్టే ఉష్ణోగ్రత కిందికి జారుతుంది. పైన చెప్పిన చిక్కటి పాలు సున్నా దగ్గర కాక మైనస్ రెండు, రెండున్నర డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడతాయి. అక్కడి నుంచి చల్లదనం పెరిగే కొద్దీ ఇంకా ఇంకా గడ్డకడతాయి గానీ కొంత పాకం ఎప్పటికీ ద్రవంగానే ఉండిపోతుంది. చెంచా దిగేది ఆ పాకం వల్లే. పంచదార తగ్గించేస్తే రాయి, పెంచేస్తే ఎన్ని గంటలున్నా గట్టిపడని పాయసం. పైగా చల్లదనంలో నాలుక తీపిని తక్కువగా పడుతుంది. కాబట్టి వేడిగా ఉన్నప్పుడు రుచి చూసి 'కాస్త ఎక్కువైందే' అనిపించేంత ఉంటే సరి. బెల్లం వేస్తే మెత్తదనం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అందులో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ లాంటి చిన్న చక్కెరలు కొంత ఉంటాయి. అవి బరువుకు బరువు చూస్తే పంచదార కంటే దాదాపు రెట్టింపు బలంగా గడ్డకట్టడాన్ని వెనక్కి లాగుతాయి. బెల్లం వేడి పాలలో పడితే విరిగే ప్రమాదం ఉంది గనుక పాలు బాగా చల్లారాకే కలపాలి. ఈ ఒక్క మాట మరచిపోయి కుల్ఫీ బదులు ఛెనా, అంటే విరిగిన పాల ముద్ద, చేసుకున్న ఇళ్ళు ఒడిశా, ఆంధ్ర సరిహద్దుకు ఇటూ ఉన్నాయి, అటూ ఉన్నాయి.

మరిగిన పాలను గిన్నెతో సహా చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి, తిప్పుతూ త్వరగా చల్లార్చాలి. ఎండాకాలం గట్టు మీద గంటల తరబడి వదిలేస్తే సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఫ్రీజర్ వాటిని చంపదు, నిద్రపుచ్చుతుందంతే. ఆ తర్వాత మామూలు ఫ్రిజ్ అరలో మూడు నాలుగు గంటలు ఉంచి, అప్పుడు ఫ్రీజర్‌లోకి మార్చాలి. గోరువెచ్చని గిన్నె తిన్నగా ఫ్రీజర్‌లో పెడితే అది పక్కనున్న వాటన్నిటినీ వేడెక్కించి, తాను నిదానంగా గడ్డకడుతుంది. నిదానం అంటే పెద్ద స్ఫటికాలు.

గిన్నె ఎంపికకు ఎవరూ ఇవ్వనంత ప్రాధాన్యం ఇవ్వాలి. ఒక లోతైన డబ్బాలో కంటే ఆరు చిన్న స్టీలు గ్లాసుల్లో త్వరగా గడ్డకడుతుంది. మట్టి ముంతలు ఫొటోకు బాగుంటాయి, కానీ మట్టి చలిని త్వరగా లోపలికి పోనివ్వదు. ముంతలో వడ్డించడం వేరు, ముంతలో గడ్డకట్టించడం వేరు. సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే ముందురోజే ఐస్ బాక్సు డీఫ్రాస్ట్ చేయాలి. గోడలకు అంగుళం మందాన పేరుకున్న మంచు కంబళిలా అడ్డుపడుతుంది. గ్లాసులు ఆ రేకు అడుగుకు తిన్నగా ఆనాలి, కింద ప్లాస్టిక్ ట్రే ఉండకూడదు. రాత్రి పడుకోబోయే ముందు పెడితే తలుపు తెరిచేవాళ్ళు ఉండరు.

ఇక ఫ్రిజ్ అసలే లేని పద్ధతి. గంజాం తీరానికి ఇది పరాయిది కాదు. హుమ్మా, సుర్లా ఉప్పు మళ్ళు ఈ జిల్లావే. చేపల వ్యాపారం ఉన్న చోట ఐసు దిమ్మలకూ కరువుండదు. ఉప్పు, ఐసు, రెండూ చేతికందే దూరంలో ఉన్నాయి.

ఉప్పు ఐసును చల్లబరుస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఉప్పు ఐసును కరిగిస్తుంది. గ్రాము ఐసు కరగడానికి 80 క్యాలరీల వేడి కావాలి. ఆ వేడి బయటి నుంచి తగినంత వేగంగా అందనప్పుడు ఐసు తన నుంచీ, తనను ఆనుకున్న గిన్నె నుంచీ లాగుతుంది. ఉప్పునీరు సున్నా దగ్గర గడ్డకట్టదు గనుక కరగడం ఆగదు, చల్లదనం దిగుతూనే పోతుంది. పాళ్ళు సరిగ్గా కుదిరితే మైనస్ 21 డిగ్రీల దాకా దిగగలదు. ఇంట్లో బకెట్‌తో అంత రాకపోయినా, మంచి ఫ్రీజర్ ఉండే మైనస్ 18కి దగ్గరగా వెళ్ళవచ్చు. పైగా ఫ్రీజర్‌లో చలి గాలి ద్వారా చేరాలి, ఇక్కడ ఉప్పునీరు గిన్నెను నాలుగు వైపులా తడిపి పట్టుకుంటుంది. అందుకే ఫ్రీజర్‌లో రాత్రంతా పట్టేది బకెట్‌లో గంట లోపే అవుతుంది. సింగిల్ డోర్ ఐస్ బాక్సు కంటే ఈ బకెట్ కుల్ఫీ నునుపుగా వస్తుందంటే ఆశ్చర్యం అక్కర్లేదు.

కొలత సులువు. బరువులో మూడు వంతుల ఐసుకు ఒక వంతు కల్లుప్పు. లీటరు పాలతో చేసిన కుల్ఫీకి రెండు కిలోల ఐసు, ఆరేడు వందల గ్రాముల ఉప్పు ధారాళంగా సరిపోతాయి. ఐసును గోనెసంచిలో వేసి రోకలితో చిన్న ముక్కలు చేసి, బకెట్‌లో ఒక వరుస ఐసు, ఒక వరుస ఉప్పు చల్లుకుంటూ పోవాలి. మెత్తటి ఉప్పు కూడా పనిచేస్తుంది గానీ అడుగుకు జారి ముద్ద కడుతుంది. మధ్యలో మూత బిగుతుగా పట్టే స్టీలు క్యానును మెడ దాకా దించి, పిడి పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. అయిదు నిమిషాలకోసారి మూత తీసి, గోడకు పట్టిన పొరను అట్లకాడతో గీకి మధ్యలోకి తోయాలి. మెషీన్ చేసే పనే ఇది. 1843లో అమెరికాలో నాన్సీ జాన్సన్ అనే ఆమె పేటెంట్ తీసుకున్న చేతి మెషీన్ కూడా బకెట్, డబ్బా, తిప్పే పిడి, లోపల గీకే రెక్క, ఇంతే. అంతకు చాలా ముందే అక్బరు కొలువులో సురేకారం నీటిలో కరిగించి తాగునీరు చల్లబరిచేవారని ఆయినీ అక్బరీ చెబుతోంది. కరిగేది వేరు, వేడిని లాగే కిటుకు ఒక్కటే.

అచ్చుల్లో పోస్తే తిప్పాల్సిన పని లేదు, కానీ మూత చుట్టూ గోధుమపిండి ముద్దతో మూసేయాలి. చుక్క ఉప్పునీరు లోపలికి దిగినా అచ్చు మొత్తం పారబోయాల్సిందే. చేపల కోసం తయారైన ఐసు తాగే నీటితో చేసిందని నమ్మకం ఉండదు, కాబట్టి అది బకెట్‌లోనే ఉండాలి, గ్లాసులోకి రాకూడదు. చేతికి గుడ్డ చుట్టుకోకుండా ఆ ఉప్పునీటిలో వేళ్ళు ముంచడం అంత తెలివైన పని కాదు. పని అయ్యాక ఆ నీళ్ళు మొక్కల మొదట్లో పోస్తే వారంలో ఆకులు మాడతాయి.

ఈ వైపు జిల్లాల్లో ఎండాకాలం సాయంత్రం గాలివాన వచ్చిందంటే కరెంటు పోతుంది. అప్పుడే అసలు టెన్షన్. కుల్ఫీ పూర్తిగా కరగకపోయినా, చిన్న స్ఫటికాలు ముందు కరిగి, కరెంటు వచ్చాక ఆ నీరు పెద్ద స్ఫటికాలకే అతుక్కుంటుంది. మూడుసార్లు కరెంటు పోయి వచ్చిన కుల్ఫీ గరగరలాడేది అందుకే. ముందుజాగ్రత్తగా ఫ్రీజర్‌లో మంచినీళ్ళ సీసాలు గడ్డకట్టించి పెట్టుకుంటారు. దాని వల్ల పెద్దగా లాభం లేదు. మంచినీటి ఐసు సున్నా దగ్గర కరుగుతుంది, మన కుల్ఫీ మైనస్ రెండున్నరకు చేరేసరికే కరిగిపోతుంది. సీసాలో తొమ్మిది వందల మిల్లీలీటర్ల నీటికి వంద గ్రాముల ఉప్పు కలిపి పెడితే అది మెల్లగా కరుగుతూ మైనస్ ఆరున్నర దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా కరుగుతుంది, అప్పటిదాకా చుట్టూ చల్లదనాన్ని పట్టి ఉంచుతుంది. గడ్డకడితే ఉబ్బుతుంది కాబట్టి సీసా నిండా పోయకూడదు. రెండు రోజుల తర్వాత కూడా ఆ సీసా గడ్డకట్టలేదంటే ఐస్ బాక్సు సంగతి తెలిసిపోతుంది, బకెట్ బయటికి తీయడమే.

ఇంటర్నెట్‌లో అందరూ చూపించే పద్ధతి వేరు. క్రీమును గిలకొట్టి, కండెన్స్‌డ్ మిల్క్ కలిపి, డబ్బాలో పెట్టేయడం. సూత్రం తప్పు కాదు. గిలకొడితే గాలి చేరుతుంది, కండెన్స్‌డ్ మిల్క్‌లో నలభై శాతం పైగా పంచదార ఉంటుంది గనుక రాయిలా గట్టిపడదు. చిక్కు సరుకుతోనే. గిలకొడితే నిలబడాలంటే క్రీములో ముప్పై శాతమైనా వెన్న ఉండాలి. మన కిరాణా కొట్టులో ఫ్రెష్ క్రీమ్ పేరుతో దొరికే డబ్బాల్లో ఎక్కువగా ఇరవై అయిదు శాతమే. మే నెల బరంపురం ఉక్కలో దాన్ని ఎంతసేపు గిలకొట్టినా చేయి నొప్పి తప్ప ఏమీ రాదు. అప్పుడు కేకుల కొట్టు నుంచి విప్పింగ్ క్రీమ్ తెస్తారు. అది క్షణాల్లో పొంగుతుంది. చాలా రకాలు వనస్పతి తరహా నూనెతో చేసినవి. పాల వెన్న బదులు వంటనూనె కొవ్వు వాడితే ప్యాకెట్ మీద ఐస్‌క్రీమ్ అని రాయకూడదు, 'ఫ్రోజెన్ డెజర్ట్' అని రాయాలన్నది మన దేశపు నియమం. కొట్టులో ఆ మాట చూసి పక్కన పెట్టేసేవాళ్ళు, ఇంట్లో అచ్చంగా అదే చేసుకుని 'హోమ్‌మేడ్' అని మురిసిపోతున్నారు.

పళ్ళకు వస్తే, మిక్సీ ఉన్న ఇంట్లో మెషీన్ లేదనడమే తప్పు. బాగా పండిన మామిడి ముక్కలో, అరటి చక్రాలో రాత్రంతా గడ్డకట్టించి, రెండు చెంచాల చిక్కటి పాలతో మిక్సీలో ఆపి ఆపి తిప్పితే పెద్ద స్ఫటికాలన్నీ పొడైపోతాయి. వెంటనే తినేస్తే నునుపు. మళ్ళీ ఫ్రీజర్‌లో పెడితే మర్నాటికి మొదటి కథే. జార్ వేడెక్కుతుంది కనుక దాన్నీ కాసేపు ఫ్రిజ్‌లో ఉంచాలి. అరటికి పాలు కూడా అక్కర్లేదు, దాని గుజ్జే చాలు. తాటిముంజలు మాత్రం గడ్డకట్టించకూడదు. వాటిలో ఉన్నదంతా నీరే, గాజు ముక్కల్లా తయారవుతాయి. కుల్ఫీ వడ్డించాక పైన చల్లగా కోసి వేసుకుంటే వాటి మర్యాద వాటికి దక్కుతుంది.

ఏప్రిల్ మధ్యలో పణా సంక్రాంతికి ఒడియా ఇళ్ళలో మారేడు పండుతో పానకం చేస్తారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమయ్యేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ గడ్డ మీద, ఇటే ఉండిపోయిన తెలుగు ఇళ్ళలోనూ ఆ బేల పణా తెలియనివాళ్ళు ఉండరు. గుజ్జు, బెల్లం, ఛెనా లేదా పెరుగు, కొబ్బరి కోరు, మిరియాల పొడి. గడ్డకట్టించడానికి ఇంతకంటే తగిన పానకం దొరకడం కష్టం. మారేడు గింజల చుట్టూ ఉండే జిగురు, గుజ్జులోని పెక్టిన్ నీటిని బాగా పట్టి ఉంచుతాయి, బెల్లం మెత్తదనం ఇస్తుంది. కొట్టు ఐస్‌క్రీముల్లో స్టెబిలైజర్ పేరుతో కలిపే బంకలు చేసే పని ఈ పండు తనంతట తానే చేస్తుంది. ఛెనా మాత్రం వేయకూడదు, గడ్డకట్టాక పలుకులుగా తగులుతుంది. దాని బదులు నీరు వడకట్టిన పెరుగు కలిపి, గ్లాసుల్లో పోసి, సగం గట్టిపడ్డాక పుల్ల గుచ్చాలి. ముందే గుచ్చితే పుల్ల ఒరిగిపోతుంది.

కుల్ఫీలోకి సువాసన కావాలంటే దూరం పోనక్కర్లేదు. గంజాం మొగలికి భౌగోళిక గుర్తింపు ఉంది. తీరం వెంబడి ఛత్రపురం, చికిటి వైపు మగ మొగలి పొత్తులను భట్టీల్లో కాచి అత్తరు, కేవ్డా నీళ్ళు తీస్తారు. కేవ్డా నీళ్ళను పాలు మరిగేటప్పుడు పోస్తే వాసనంతా వంటింటికే పోతుంది, కుల్ఫీకి మిగలదు. పూర్తిగా చల్లారాక, అచ్చుల్లో పోయబోయే ముందు అరలీటరు చిక్కటి పాలకు చిన్న చెంచాడు చాలు. యాలకులు వేసిన దాంట్లో మొగలి వేయకపోవడం మంచిది, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి.